గవర్నరు గారి భార్య

నేను ఒక నిఘంటువును, ఇంగ్లీషు నుంచి తెలుగుకి. నాకు కుదురన్నది లేదు. మొదటి నుంచి చివరిదాకా నన్ను చదివినవాడు ఇంతవరకూ పుట్టలేదు. చటుక్కున తెరుస్తారు, ఒక్క మాట పీక్కుని ఫట్‌మని మూస్తారు.

విజయవాడలో పుట్టాను. నన్ను కొన్న గుమాస్తా రెండు మాటలు చూసి, పదేళ్లు రేడియో కింద ఎత్తుకి పెట్టాడు. ఆయన పోయాక పాత కాగితాల బస్తాలో పార్వతీపురం చేరాను. అక్కడ బజ్జీల బండి గౌరునాయుడు పొట్లాలకని తూకానికి కొని, మధ్యలో తెరిచి చించడం మొదలెట్టాడు. పద్నాలుగు కాగితాలు మిరపకాయ బజ్జీలతో ఊరిమీద పడ్డాక, ఆయన కూతురు పైడితల్లి చూసి నన్ను లాక్కుంది. అప్పటికే నా జి అక్షరం సగం ఊరి పాలైంది.

పైడితల్లి ఎనిమిదో తరగతి. ఆ ఏడే తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు సెక్షనుకి మారింది. అక్కడ ఒక పాత ఇంగ్లీషు పిల్లల నవల చదవాలి. సోమవారం మొదటి అధ్యాయం గురించి చెప్పగలిగితే ఉంటుంది, లేకపోతే పాత సెక్షనుకే పోవాలని సుగుణ టీచరు ఖరాఖండిగా చెప్పారు.

మూడు రోజులు నాకు ఊపిరాడలేదు. 'పారిజ్' అంటే జావ అని చూసి, "ఓస్, అంబలేనా" అంది. కథలో పడగ్గదిలో పొయ్యెందుకని నాన్నని అడిగితే, "సలికమ్మా" అన్నాడు. అంతా బాగానే నడుస్తుండగా 'గవర్నెస్' అడ్డొచ్చింది. నాలో 'గోట్', అంటే మేక, తర్వాత సరాసరి 'గన్', అంటే తుపాకే ఉంది; మధ్యవన్నీ బజ్జీలతో పోయాయి. నావల్ల ఆ పిల్ల సెక్షను పోతుందేమోనని గిలగిల్లాడాను. పైడితల్లి పెన్సిలు కొరుకుతూ ఆలోచించింది. టైగర్‌కి ఆడది టైగ్రెస్ అని బళ్లో చెప్పారుగా. నోటుబుక్కులో ధైర్యంగా రాసుకుంది: గవర్నరు గారి భార్య.

సోమవారం సంచిలో నేనూ వెళ్లాను. పైడితల్లి లేచి అధ్యాయమంతా చెప్పి, ఆగింది.

"టీచర్, గవర్నరు గారి పెళ్లాం కదండి, మరి ఆవిడ కంచం మేడమీద గదికి ఎందుకు పంపేస్తారు? ఇంట్లోళ్లతో తినదు. వంటోళ్లతో కూడా తినదు."

క్లాసంతా పగలబడి నవ్వింది. నాకు తలెత్తుకోవాలనిపించలేదు. సుగుణ టీచరు మాత్రం నవ్వలేదు.

"ఆవిడ ఆ ఇంట్లోనే ఉండి పిల్లలకి చదువు చెప్పే పంతులమ్మ. ఇంటివాళ్లకి పనిమనిషి, పనివాళ్లకి దొరసాని. అందుకే ఒక్కర్తే తింటుంది. నీ అర్థం తప్పమ్మా. కానీ ఆ కంచం సంగతి ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. కూర్చో, ఇక్కడే కూర్చో."

ఆ సాయంత్రం పైడితల్లి నా చివరి ఖాళీ పేజీలో రాస్తుంటే, గౌరునాయుడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటి రాస్తన్నావమ్మా?"

"నువ్వు సింపేసిన మాట, నాన్నా." చదివి వినిపించింది: "గవర్నెస్ అంటే, సదువు సెప్పిన ఇంట్లోనే ఒక్కర్తే కూకుని తినే మనిషి."

ఆయన నన్ను చేతిలోకి తీసుకుని చిరిగిన చోట తెరిచాడు. "ఇంకా ఎన్ని పోనాయి?" అని మెల్లగా అడిగాడు. మర్నాటి నుంచి కాగితాలు మాని బజ్జీలు అడ్డాకులో కడుతున్నాడు.

పోయిన నా కాగితంలో ఆ మాటకి 'ఇంటివద్ద బోధించు స్త్రీ' అని ఉండేది. ఆవిడ ఎక్కడ తింటుందో అందులో లేదు.