ఒక్క చుట్టు కింద

నేను ఒక కథ పటాన్ని. పటమనగానే మీకు గోడకు తగిలించే అద్దపు చట్రం గుర్తుకొస్తుందేమో. నేను అలాంటిదాన్ని కాదు. పంచె వెడల్పున ఉంటాను, విప్పితే ఇంటి ముంగిలి చాలదు. పైన ఒక కర్ర, కింద ఒక కర్ర. కథ నడిచినకొద్దీ పై కర్రకు చుట్టుకుంటూ, కింది కర్ర నుంచి విప్పుకుంటూ పోతాను.

నన్ను చేసినవాడు రాజేశం, పటాలకు బొమ్మలు గీసే నకాషు. ముతక ఖద్దరుకు గంజి పెట్టి, సుద్దలో చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూత మీద పూత పూశాడు. బొమ్మలు గీసి చుట్టూ ఎర్రరంగు నింపాడు. అందరికీ అన్నీ పెట్టి, కళ్ళు మాత్రం ఆపాడు. కథ చెప్పే బుగ్గయ్య ఇంట్లో ఒక ఆచారం ఉంది. పాడైన పటానికి పోయిన మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలపాలి. అది కలిశాకే కొత్తదానికి కళ్ళు గీయాలి. ఒకే ఇంటికి కళ్ళున్న పటాలు రెండు ఉండకూడదు. నాకు ముందున్నది ఏట్లో కలిసి, బుగ్గయ్య వాళ్ళ నాయన వచ్చి టెంకాయ కొట్టిన తర్వాతే రాజేశం ఉడుత వెంట్రుకల కుంచె పట్టాడు. నేను చూడటం అప్పుడు మొదలుపెట్టాను.

నా మీదున్నది చేపలు పట్టే వలవాళ్ళ కథ. నీలవ్వ అనే తల్లి బిడ్డ వరదలో కొట్టుకుపోతాడు. ఆమె ఒడ్డున చేతులు చాచి నిలబడుతుంది. దాని కింది వరుసలో ఆ బిడ్డ ఒక వలలో దొరుకుతాడు. తామంతా ఆ బిడ్డ సంతతేనని వలవాళ్ళ నమ్మకం.

నాయన తర్వాత నేను బుగ్గయ్య భుజానికెక్కాను. అతను కథ చెప్తుంటే భార్య సత్తెవ్వ వంత పాడేది. తల్లి బొమ్మ రాగానే, బొమ్మలు చూపే తన చేతికర్రను ఆమె పాదాల దగ్గర ఆనించి ఆగేవాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదేదాకా కింది చుట్టు విప్పేవాడు కాదు. బిడ్డ దొరుకుతాడని అందరికీ తెలుసు. అయినా ఏటేటా ఏడ్చేవాళ్ళు. తెలియనిదానికి మనుషులు అంతగా ఏడవగా నేను చూడలేదు.

వలవాళ్ళ ఊరు మల్కపల్లెలో ఒక ఏడు, కథ సరిగ్గా ఆ తల్లి దగ్గర ఆగినప్పుడే వాన పడింది. పందిరి కూలింది. బుగ్గయ్య నన్ను తడితడిగానే చుట్టి, అంగీ విప్పి కప్పాడు. తెరిపి ఇచ్చాక చూస్తే పొరకు పొర అంటుకుపోయి ఉంది. విప్పబోతే రంగు ఊడి వచ్చింది. పటం లేని కథను వలవాళ్ళు కథ అనుకోరు. కథలో బిడ్డ దొరికేదాకా కొత్త వల చెరువులో దింపేది లేదని ఊరి పెద్ద చెప్పేశాడు.

పట్నంలో పాత బొమ్మలను బాగుచేసే చోటు ఉందని ఎవరో చెబితే బుగ్గయ్య నన్ను ఎత్తుకొని బస్సెక్కాడు. అక్కడి వాసంతి మేడం నన్ను బల్ల మీద పెట్టి, అంటుకున్న అంచులన్నీ తడిమి చూసింది. తర్వాత, బాగుచేసి భద్రంగా పెడతామంది. మొదటి మాట బుగ్గయ్య గట్టిగా విన్నాడు. రెండో మాట, తను తిరిగి వచ్చేదాకా అనుకున్నాడు. చూపించిన చోటల్లా వేలిముద్ర వేశాడు.

వాసంతి చేతికి వంక పెట్టలేను. సన్నని ఆవిరి పట్టి, పొర మెత్తబడ్డాక పలుచని బద్దతో ఒకదాన్నుంచి ఒకటి విడదీసింది. లేస్తున్న రంగు రేకుల కింద జిగురు చుక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేది. చిరుగుల వెనక ఉల్లిపొరలాంటి కాగితం అతికింది. ఊడిపోయిన చోట కొత్తగా గీయమని పక్కవాళ్ళు అంటే, లేనిది గీయకూడదని ఒప్పుకోలేదు. నీలవ్వ పాదాల దగ్గరి అరుగుదలను భూతద్దంలోంచి చూసి, ఇదేదో రాపిడి అంది. అది బుగ్గయ్య కర్ర ఆగే చోటు. చెప్పడానికి నాకు నోరేది?

కబురందుకొని బుగ్గయ్య, సత్తెవ్వ వచ్చేసరికి నేను గాజు పెట్టెలో ఉన్నాను. చుట్టూ చల్లటి గాలి.

"సూడు, మన కాడ ఎలుకల నడుమ పన్నది," అంది సత్తెవ్వ. "ఇప్పుడు సల్ల మిషిను లేంది నిద్ర పడ్తలేదట."

బుగ్గయ్య నవ్వి, భుజాన తువ్వాలు సర్దుకున్నాడు, నన్ను ఎత్తుకోవడానికి. "ఇగ తీస్కపోతం బిడ్డా. మల్కపల్లె వాళ్ళు కబురు మీద కబురు వెడ్తున్నరు."

తీసుకెళ్ళడం కుదరదని వాసంతి మెల్లగా చెప్పింది. మళ్ళీ చుట్టినా, విప్పినా రంగు రాలిపోతుందట. ఇక్కడైతే ఇంకో నూరేళ్ళు ఉంటానట.

"నూరేండ్లు ఉండి ఏం జేస్తది?"

"అందరూ చూస్తారు పెద్దాయనా."

బుగ్గయ్య తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. అలాగైతే ఏట్లో కలపనిమ్మన్నాడు, కొత్తదానికన్నా కళ్ళు పెట్టించుకుంటామన్నాడు. ఆమె బెదిరిపోయింది. ఇంత కష్టపడి బతికించినదాన్ని నీళ్ళలో వేస్తారా అని అడిగింది.

"సచ్చినదాన్ని ఏట్ల గలుపుతం బిడ్డా. బతికినదాన్ని భుజాన ఏస్కపోతం. ఇది రెండిట్ల ఏదో నువ్వే జెప్పు."

ఆమె కళ్ళద్దాలు తీసి తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. "నా చేతుల్లో లేదు," అంది.

పోనీ బిడ్డ కనబడేదాకా ఒక్క చుట్టు విప్పమని సత్తెవ్వ అడిగింది. కింది చుట్టే బాగా బలహీనంగా ఉందట. తల్లి ఉన్న భాగమే పెద్దగా చెడలేదట, అందుకే అదే బయటికి కనబడేలా పెట్టారట. బుగ్గయ్య కర్ర ఎత్తి నీలవ్వ పాదాలకు ఎదురుగా గాజు మీద ఆనించాడు. ముట్టుకోవద్దని కాపలావాడు అన్నాడు. బుగ్గయ్య దించేశాడు. వాళ్ళిద్దరూ మెట్లు దిగి వెళ్ళడం నేను చూస్తూనే ఉన్నాను. కళ్ళు గీశారు కదా, మూసుకోవడం రాదు.

ఇప్పుడు రోజూ జనం వస్తారు. పక్కనున్న చీటీలో 'స్థితి: బాగుంది' అని చదువుకుంటారు. ఈమె ఎవరికోసం చేతులు చాచిందని కొందరు అడుగుతారు. బిడ్డ ఇక్కడే ఉన్నాడు, ఒక్క చుట్టు కింద, వలలో, నవ్వుతూ. నా పై కర్రను ఒక్కసారి తిప్పితే చాలు. నా ఒంటి నిండా చేతులే. అన్నీ రాజేశం గీసినవే.