మూడవ తీగె

గ్రీష్మతాపమున శిలలు సైతము నిప్పుకలై కనలుచుండ చెట్టుకొనలయం దొక్క యాకైనను గదలక పక్షికూజితము లుడిగి వీథులెల్ల నిర్జనములై యుండ పల్నాటి సీమయందలి మాచెర్ల పట్టణము ఆ వైశాఖ మధ్యాహ్నమున జ్వరపీడితదేహమువలె సొమ్మసిల్లి యుండెను.

ఆ పట్టణమున నాపరాళ్ళ మిద్దెయొకదానియందు నాంచారమ్మయు ఆండాళమ్మయు నను అవివాహితలైన యక్కచెల్లెండ్రు నివసించుచుండిరి. నాంచారమ్మ ముప్పది సంవత్సరములు టెలిఫోను కార్యాలయమున కొలువుచేసి యచ్చటి మెకానిక్కుల పనితనమును కన్నులార గాంచి నేర్చి ఇంటనున్న ఫ్యానును మిక్సీని ఇస్త్రీపెట్టెను తానే విప్పి తానే బిగించి యొక్క వస్తువునైనను పాఱవేయనీయక కాపాడుకొనుచున్న కుశలహస్త. వాడవారెల్ల నామె నేర్పును గొనియాడుచుండ నా ప్రశంస క్రమముగా నామె హృదయమున నహంకారమై గూడుకట్టెను. ఆండాళమ్మయో ఉబ్బసముచే కృశించి వేసవియందు ఇనుప కూలరు చెంతనే గాని సుఖముగా నూపిరి తీయజాలని దుర్బలాంగి.

ఆ యేడు కూలరు నిలిచిపోయెను. క్రొత్తదానిని తెచ్చుకొందమని చెల్లెలు వేడినను వినక నాంచారమ్మ దానిని విప్పి మోటారును శుభ్రపఱచి కాలిపోయిన తీగెను కోసివేసి చేతికందిన వేఱొకదానిని తొడిగెను. కూలరు ఇనుపపెట్టెకు ప్రాకిన విద్యుత్తును భూమిలోనికి గొనిపోయి మనుష్యుని గాచు మూడవ తీగె దానియందు లేదు. అది యామె యెఱుంగనిది కాదు. రేపు వేయవచ్చునని తలంచెను. కూలరు తిరిగెను. చల్లగాలి వీచెను. ఆ రేపు పదునొకండు దినములు గడచినను రాలేదు.

పండ్రెండవనాటి యుదయమున ఆండాళమ్మ మెల్లగా నిట్లనెను. "అక్కా, దానిలో నీరు పోయునపుడు చేయి జివ్వుమనుచున్నది."

"ముప్పది యేండ్లు తీగెలతో మెలగినదానను. అనుమానమే నీ జబ్బు" అని నాంచారమ్మ తలయెత్తకయే బదులిచ్చెను.

ఆ మధ్యాహ్నము నాంచారమ్మ చెల్లెలి మందులకై యంగడికేగి యెండలో మరలివచ్చి తలుపు త్రోసి చూడగా తడిసిన నేలపై బిందె దొర్లియుండెను. దాని ప్రక్కనే ఆండాళమ్మ నిశ్చేష్టయై పడియుండెను. యంత్రము మాత్రము యథాప్రకారము తిరుగుచు విగతజీవయైన యామె ముంగురులను చల్లగా కదల్చుచుండెను.

అంత్యక్రియలు ముగిసిన పిదప ఇరుగుపొరుగువారు పాతసామాను ప్రాణము తీసెనని నిందించి దానిని పాఱవేయుమని హితము చెప్పిరి. నాంచారమ్మ వారి యెదుటనే దానిని విప్పి మోటారు నమర్చునపుడు తాను బిగించిన మరమేకే తీగెపై తొడుగును చీల్చినదని కనుగొనెను.

"వస్తువునందు దోషము లేదు. నా చెల్లెలు చెప్పినది. నేను వినలేదు" అని మాత్రము పలికెను.

తరువాత నొక సంవత్సరము ఆమె పనిముట్లను ముట్టలేదు. మఱుసటి వేసవిని పొరుగింటి కోడలు పేరిందేవి వచ్చి తమ యింటి గ్రైండరును తాకినపుడెల్ల వ్రేళ్ళు జివ్వుమనుచున్నవనియు నత్తగారది నమ్మక నవ్వుచున్నదనియు చెప్పుకొని కంట తడిపెట్టెను. నాంచారమ్మ ఒక్క ప్రశ్నయైన నడుగక లేచి పనిముట్లు గైకొని యామె వెంట నడచెను.

మెయిను స్విచ్చి ఆపివేసి గోడవెంబడి మూడవ తీగెను వెదకుచు పోగా నది పెరటియందు దేనికిని తగులక గాలిలో వ్రేలాడుచుండెను. వాడలోని యువకులు సాయము చేయుదుమనినను ఒల్లక ఆమె మండుటెండలో తానే గునపము పట్టి గొయ్యిత్రవ్వి బొగ్గును ఉప్పును నింపి రాగిపలకను పాతి తీగెను దానికి బిగించి, తడినేలయే విద్యుత్తును గ్రహించునని బిందె వెంబడి బిందెగా నీరు పోయసాగెను. ఇక చాలునని పేరిందేవి వారించినను ఆమె యాగలేదు. ఎన్నడును తడి యెఱుంగని యా నెఱ్ఱెల నేల పోసిన నీరెల్ల నిశ్శబ్దముగా త్రాగుచు ఇంకను నోరు తెఱచియే యుండెను.