మార్త చెప్పిన మాట

ఇస్త్రీ షాపు అక్కని చర్చిలో అందరూ మార్త అని పిలవడం ఒక ప్రసంగంతో మొదలైంది. యేసు ఇంటికి వస్తే మార్త వంటపనిలో మునిగిపోయి విసుక్కుందనీ, చెల్లెలు మరియ మాత్రం ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు విందనీ, మరియదే మంచి ఎంపిక అనీ పాస్టరుగారు చెబుతున్నారు. ముందు వరసలో ఇస్త్రీ షాపు అక్క చెల్లెలు కళ్ళు మూసుకుని వింటోంది. సరిగ్గా అప్పుడే అక్క, కాలిన వేలికి గుడ్డ చుట్టుకుని, రొప్పుతూ లోపలికి వచ్చింది. అందరూ వెనక్కి తిరిగి గొల్లున నవ్వారు. పాస్టరుగారికీ నవ్వు ఆగలేదు.

ఆ తర్వాత అక్క చర్చి ముఖం చూడలేదు.

“ఆ మార్త కూడా కూర్చుంటే ప్రభువుకి అన్నం ఎవరు పెడతారే?” అని చెల్లెల్ని అడిగింది.

ఈలోగా వాళ్ళ తమ్ముడికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. అక్క షాపులో నిలబడుతూనే, మధ్యమధ్య పైనున్న ఇంట్లోకి వెళ్ళి వాడికి మందులు పట్టేది, ఒళ్ళు తుడిచేది. చెల్లెలు మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. పాస్టరుగారిని చూడాలని ఉందన్నాడు వాడు. ఆయన వేరే ఊళ్ళో సభల్లో ఉన్నారు. కబురందినా, సభలు ముగిశాకే బయల్దేరారు. ఆయన వచ్చేలోపే తమ్ముడు పోయాడు.

చెల్లెలు గదిలోంచి కదల్లేదు. ఆయన వస్తున్నారని తెలిసి అక్క వీధి చివరిదాకా ఎదురెళ్ళింది.

“ఇప్పుడా అయ్యగారూ రావడం? తలుపు చప్పుడైతే చాలు, మీరే అనుకున్నాడండీ వాడు.”

ఆయన తల దించుకున్నారు.

“చివరి రోజున వాడు లేస్తాడని నాకు తెలుసు. ప్రభువే లేపుతాడు. అది నాకెవరూ చెప్పక్కర్లేదు. కానీ మీరు రావాల్సింది.”

పాస్టరుగారు పక్కనున్న మెట్టు మీద కూలబడ్డారు.

“అమ్మా, ఆ రోజు నేను మార్త కథ సగమే చెప్పాను.”

“మిగతా సగం ఏంటి?”

“ఆమెకీ తోడబుట్టినవాడు పోయాడు. మరియ ఇంట్లోనే ఉండిపోయింది. మార్తే ఎదురెళ్ళి, నువ్వుంటే వాడు చనిపోయేవాడు కాదని ప్రభువునే నిలదీసింది. చావుని గెలిచే జీవం తానేనని ఆయన చెప్పింది ఆమెకే. నువ్వు దేవుని కొడుకువని ఆ దుఃఖంలోనే ఒప్పుకుంది ఆమె. అదే మాట అన్న శిష్యుడు పేతురుని సంఘానికి పునాది రాయి అంటాం. ఆమెని మాత్రం వంటింట్లోనే వదిలేశాం. నన్ను క్షమించు తల్లీ.”

అక్క ఇంటి వైపు ఒక అడుగు వేసి ఆగింది.

“నాకొక్కదానికే చెబితే ఎలా? నవ్వినవాళ్ళందరూ వినాలి. సరే, ముందు ఇంట్లోకి రండి. చెల్లి ముద్ద ముట్టలేదు. మీరు చెబితే తింటుంది.”

ఆదివారం ఆయన తన నవ్వునీ ఆలస్యాన్నీ దాచకుండా అందరి ముందూ ఒప్పుకున్నారు. మార్త మిగతా కథ చెప్పారు. మార్త తోడబుట్టిన లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు పెట్టుకున్న చోటికి వచ్చేసరికి, చెల్లెలి పక్కన కూర్చున్న అక్క ఉన్నట్టుండి బావురుమంది. శవపేటిక, సమాధి, వచ్చినవాళ్ళ భోజనాలు చూసుకోవడంలో ఆమెకి ఏడవడానికి తీరికే దొరకలేదు.

చెల్లెలు ఆమె తలని ఒళ్ళోకి తీసుకుంది.

“ఏడువు అక్కా. రేపు షాపు నేను చూసుకుంటాలే.”

“నువ్వా? చొక్కాలన్నీ తగలబెడతావు,” అంటూనే అక్క ఇంకా గట్టిగా ఏడ్చింది.