ఇంజన్‌కి తలంటు

మెకానిక్ ఇంజన్ పైమూత విప్పి పక్కన పెట్టాడు. లోపలికి చూసి, "ఇందులో ఏం పోశావయ్యా?" అన్నాడు. తమ్ముడు కిరసనాయిలు డబ్బా చూపించాడు.

టాక్సీ అన్నయ్యది. మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, తాళం తమ్ముడి చేతిలో పెట్టి, "నేను లేచేదాకా నువ్వే నడపరా" అన్నాడు. రెండు సంసారాలకూ ఆ బండే అన్నం పెడుతోంది. తమ్ముడేమో మురికి కంటబడితే నిద్రపట్టని మనిషి. చెప్పులు కూడా కడిగి ఆరేసే ఘనుడు. వీధిలో వాళ్లు అతణ్ణి 'తళతళ' అంటారు. అలాంటివాడు ఆయిల్ పోసే మూత తిప్పి లోపలికి తొంగిచూశాడు. ఇనుమంతా తేనెరంగు, మూలల్లో మాడిన పాకంలా నల్లటి పొర. అన్న వచ్చేలోగా కొత్తదానిలా చేసి చూపిద్దామని కిరసనాయిలు పోసి, కాసేపు ఇంజన్ తిప్పి, వంపేసి, కొత్త ఆయిల్ పోశాడు. మురిసిపోయాడు కూడా. ఈ పొద్దున వంతెన ఎక్కుతుంటే స్టీరింగు ముందు ఆయిల్ గుర్తు ఎర్రగా వెలిగింది. లోపల సుత్తితో బాదినట్టు చప్పుడయింది. ఆ తర్వాత బండి కదల్లేదు.

"మరక పోతుందని..." నసిగాడు తమ్ముడు.

"మరక నిన్నేం చేసిందయ్యా? ఆయిల్ వేడికి కాగీ కాగీ ఇనుముకి రంగు పడుతుంది. వంటగిన్నెకి పట్టదూ? టైముకి ఆయిల్ మార్చకపోతే అదే గట్టిపడి పెచ్చు కడుతుంది. మీ అన్న బద్ధకించాడు, నిజమే. అయినా పెచ్చు దాని చోట అది ఉంటే బండి ఇంకా నడిచేది. నువ్వు ఊడగొట్టావు. అదంతా పోయి అడుగున ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడింది. ఆయిల్ పైకి రాక ఇంజన్ ఎండి పట్టేసింది."

"బాగుచెయ్యి బాబాయ్, నీకు పుణ్యముంటుంది."

"ఇంకేం బాగు? వేరే ఇంజనే."

వేరే ఇంజనంటే మాటలా! ఇల్లంతా ఊడ్చి అమ్మినా రాదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊడిన నాలుక తనది కూడా కాదు. అప్పుడే ఫోన్ మోగింది.

"ఒరేయ్, కట్టు విప్పేశారు!" అన్నయ్య గొంతు. "రేపట్నుంచి నేనే ఎక్కుతా."

"అన్నయ్యా... చంపేశాను."

"ఎవర్నిరా? ఎవరన్నా అడ్డమొచ్చారా? నీకేం కాలేదు కదా?"

"మనుషులెవరూ కాదు. ఇంజన్ పోయింది. నా చేతుల్తో నేనే పాడుచేశాను."

"ఓరి నీ! గుండె ఆగినంత పనైంది కదరా. బండేగా, పోతే పోనీ!" అన్న గట్టిగా నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. అవతల వదిన ఏమైందని అడుగుతోంది.

"పూర్తిగానా?" అన్నాడు అన్నయ్య, చాలా చిన్నగా.

తమ్ముడు అవునని చెప్పలేక, ఫోన్ మెకానిక్ చేతిలో పెట్టాడు.