కాలికి కట్టిన బలపం

జీపీఎస్ యంత్రానికి వైరు తగిలించి, కంప్యూటరు దాన్ని గుర్తుపట్టేలోపు శోభారాణి జడ విప్పి మళ్లీ అల్లుకుంది. ఆ కంప్యూటరు ముసలిది. మంచి మాటకు వినదు, కసిరితే అసలే వినదు. తెర మీద చక్రం గుర్తు గిర్రున తిరిగి తిరిగి ఆగాక ఇంపోర్ట్ నొక్కింది. ఉపగ్రహం తీసిన ఫోటో మీద ఒక నీలం గీత గట్టు వెంట పాకుతూ పోయి, మొదలైన హద్దురాయి దగ్గరికే వచ్చి మూసుకుంది. ఒక చేను పటంలోకి ఎక్కింది.

మానుకోట బస్టాండు దగ్గర, విత్తనాల దుకాణం మీది గది ఆ ఆఫీసు. భూముల హద్దులు నడిచి పటాలు గీసిచ్చే కాంట్రాక్టు వాళ్లది. జీపీఎస్ యంత్రం పట్టుకుని గట్ల మీద నడిచేవాళ్లు కొందరున్నారు. వాళ్ల నడకనంతా పటం మీదికి ఎక్కించేది ఈమె ఒక్కతే. ఆ నడిచేవాళ్లలో ఆమె తండ్రి ప్రభుదాస్ కూడా ఉన్నాడు.

ప్రభుదాస్ వయసులో ఉండగా నర్సింహులపేట చుట్టుపక్కల సర్వేయర్ల వెనక భూమి కొలిచే గొలుసు లాగినవాడు. గొలుసులకు కాలం చెల్లాక కూలికి పోయాడు. కూతురు ఈ కొలువులో చేరి, యజమాని నిరంజన్ సారును బతిమాలి, తండ్రి చేతికి యంత్రం ఇప్పించింది. ఆయన దాన్ని నిండు చాయ్ గ్లాసు పట్టుకున్నట్టు అరచేతిలో పెట్టుకుని నడుస్తాడు. వంచితే గీత వంకర పోతుందని ఆయన నమ్మకం. కాదని చెప్పి చెప్పి శోభారాణికే నోరు నొచ్చింది.

ఆయన కూర్చునే మనిషి కాదు. అన్నం కూడా అరుగు దగ్గర నిలబడే తింటాడు. చర్చిలో అందరి వెనక నిలబడి ప్రార్థన చేస్తాడు, కూర్చుంటే నిద్ర వస్తుందట. “మీ బాపు కాలికి బలపం కట్టుకొని పుట్టిండు” అని తల్లి సత్తమ్మ విసుక్కునేది. ఎప్పుడైనా ఆఫీసుకు వస్తే కూతురి కుర్చీ వెనక నిలబడి తెర చూసేవాడు.

“గా గీత నేనేనా బిడ్డా?”

“నువ్వే బాపు.”

“మంచిగనే నడిచిన,” అని తనలో తనే మురిసిపోయేవాడు.

మంచిగానే నడిచాడు. జనగామ దిక్కు నర్మెట్టలో ఆయన గీతలు చాకుతో కోసినట్టు ఉండేవి. భూపాలపల్లి అడవి అంచుకు పోయాక అక్కడక్కడ ముడులు పడటం మొదలైంది. మనిషి కదలకుండా కూర్చుంటే యంత్రం ఊరుకోదు. ఉన్నచోటే చుక్క మీద చుక్క పెడుతుంది. ఆ చుక్కలు కలిసి తెర మీద చిక్కుపడ్డ దారంలా కనబడతాయి. ఇప్పుడు బయ్యారం గుట్టల్లోనైతే ఎక్కిన ప్రతి మిట్టకూ ఒక ముడి. శోభారాణికి అరికాలి మంట నెత్తికెక్కేది. బీడీలు! మానేశానని ఇంట్లో చెప్పడం, గుట్ట మీద కూర్చుని ఊదడం.

నిరంజన్ సారు నెల మొదట్లోనే చెప్పాడు. “ఎవ్వరు ఎక్కువ కూసుంటున్నరో నీ గీతలల్ల తెలుస్తది గదా శోభమ్మా. జర చూడు. అసొంటోళ్లను మారుద్దాం.”

అప్పటినుంచి తండ్రి యంత్రం వచ్చిందంటే ఆమెకు మరో పని. మౌసుతో ముడిని చుట్టేయడం, డిలీట్ నొక్కడం. ముడి మాయమై గీత సాఫీగా కలిసిపోయేది. తండ్రి కొలువు ఊడకుండా కాపాడుతున్నానని ఆమె ధైర్యం. అయినా ఎన్నాళ్లని దాస్తుంది? అందుకే ఈ పొద్దున సద్ది కడుతూ గట్టిగానే అంది.

“బాపు, నీకు దండం పెడత. ఇయ్యాల గుట్ట మీద కూసోకు. సార్ కండ్లల్ల పడితే నేనేం చెప్పాలె?”

ఆయన సద్దిసంచి భుజానికి తగిలించుకుంటూ నవ్వాడు. “కూసోను తియ్యి. నీకు మాట రానిస్తనా?”

మధ్యాహ్నం ఆ సంచి తావుర్యా తెచ్చాడు. బయ్యారం నుంచి ఆటో నడిపే తావుర్యా, తిరుగు ట్రిప్పులో ఖాళీ టిఫిను, దాంతోపాటు యంత్రం రోజూ తెచ్చి ఇస్తాడు. ఇవాళ పెందలాడే వచ్చాడు. గడప దగ్గరే నిలబడిపోయాడు.

“అక్కా...”

“ఆగు, సార్ పొద్దటిసంది పానం తీస్తుండు. ముందుగాల గిది ఎక్కియ్యనీ.” ఆమె సంచి లాక్కుంది. టిఫిను బరువుగా తగిలింది. అది పట్టించుకోలేదు. యంత్రం ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆపడం మరిచాడు, ముసలాయన! వైరు తగిలించి తెర వైపు తిరిగింది.

నీలం గీత గుట్ట కింద మొదలైంది. మొదటి మిట్ట ఎక్కింది, ముడి లేదు. రెండో మిట్ట, ముడి లేదు. శోభారాణి ముఖం వెలిగిపోయింది.

“చూసినవా తావుర్యా! మా బాపు ఒక్కపారి గూడ కూసోలె. చెప్పిన మాట ఇన్నడు!”

గీత గుట్ట నెత్తి మీదికి చేరింది. అక్కడ పెద్ద ముడి.

“ఇగో, మీదికి పోయి ముట్టిచ్చిండు.” చేయి అలవాటు కొద్దీ ముడిని చుట్టేసి డిలీట్ నొక్కింది. “ఎన్ని బీడీలు తాగిండు ఇయ్యాల?”

“కాక బీడీ ముట్టక ఏడాదాయె అక్కా.” తావుర్యా అన్నాడు. “మిట్టెక్కితే ఊపిరాడక కూసుంటుండె. నీకు చెప్తే పని మాన్పిస్తవని నాతోని ఒట్టేయించుకుండు.”

ఆమె వెనక్కి తిరగలేదు. గీత ఇంకా పోతూనే ఉంది. గట్టు వెంట కాదు. మొదటి రాయి దగ్గరికి రాకుండా, చేను సగంలో వదిలి, గుట్ట దిగి రోడ్డెక్కింది. నడిచేవాడి చుక్కలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇవి ఎడం ఎడంగా, బండి మీద పోతున్నట్టు పరుగెత్తుతున్నాయి. బయ్యారం దాటాయి. మానుకోటలోకి వచ్చాయి. పెద్ద దవాఖాన గేటులోకి మళ్లాయి. అక్కడ ఇంకో ముడి. ఆ తర్వాత సన్నని గీత ఒకటి బజారు దాటి, బస్టాండు దాటి, ఈ విత్తనాల దుకాణం దాకా వచ్చి ఆగింది.

ఆమె తిరిగి చూసేసరికి తావుర్యా గడప మీద కూలబడి ఉన్నాడు.

“గుట్ట మీద పడిపోతే ఆటోల ఏసుకొని ఉరికొచ్చిన అక్కా. దవాఖాన గేటుకాడనే పానం పోయింది. ఫోన్ల చెప్పబుద్ధి గాలె.”

భూపాలపల్లిలో చూసిన ముడులు, బయ్యారంలో తుడిచేసిన ముడులన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ప్రతి ముడి దగ్గరా ఊపిరి కోసం కూర్చున్న తండ్రి. రోజూ చూసింది తనే, రోజూ తుడిచింది తనే. కూర్చోవద్దని పొద్దున దండం పెట్టింది కూడా తనే. తుడిచిన చివరి ముడిని వెనక్కి రప్పించింది. అది గుట్ట నెత్తి మీద మళ్లీ కనబడగానే “బాపూ” అని ఒక్క కేక పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి దవాఖాన వైపు పరుగెత్తింది. తావుర్యా వెనకే ఉరికాడు.

కింద ఉన్న నిరంజన్ సారు కేక విని పై గదిలోకి వచ్చాడు. తెర మీద ఒక చేను హద్దు మూసుకోకుండా ఉంది. సంచిలో టిఫిను మూత తీయలేదు. ఆమె లేచిన విసురుకు వైరు ఊడిపోయి కిటికీ పక్కన పడి ఉన్న యంత్రం మాత్రం, ఎవరూ ఆపలేదు గనక, ఉన్నచోటే చుక్క మీద చుక్క పెడుతూ ఉంది.