ఎనభై ఏడో పుట

నేను ఒక పుస్తకాన్ని. చదువుకోవాలన్న కోరికతో నన్ను ఎవరూ కొనలేదు. గండ్లవాగు పురపాలక సంఘంలో శాసన వ్యవహారాల కమిటీ తన తీర్మానాలు రాసుకోవడానికి నన్ను తయారు చేయించింది. నా మాటలు మీకు కటువుగా వినిపిస్తే అందుకు క్షమాపణ కోరను. మెత్తగా మాట్లాడేవాళ్ల చేతుల్లోనే నేను పాడయ్యాను.

బెజవాడలో ఒక చిన్న బైండింగ్ షాపులో పుట్టాను. గట్టి లెడ్జరు కాగితం, ముతక దారంతో కుట్టు, నల్ల గుడ్డ అట్ట, వెన్నుకు ఎర్ర తోలు. నన్ను కుట్టిన మస్తాన్ సాయిబు ఒక్కొక్క పుట మీద యంత్రంతో అంకె గుద్దాడు, ఒకటి మొదలు రెండు వందల దాకా. ఆఫీసుకు చేరిన రోజే కమిషనరు నా మొదటి పుట మీద 'ఈ పుస్తకమందు రెండు వందల పుటలు గలవని ధ్రువీకరించడమైనది' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు. ఒక్క పుట చిరిగినా తెలిసిపోవాలని ఆ కట్టుదిట్టం. నేను పొంగిపోయాను. పుట చిరగకుండా కాపలా పెట్టినవాళ్లు, పుట మీద అబద్ధం పడకుండా ఏ కాపలా పెట్టలేదన్న సంగతి అప్పటికి నాకు తోచలేదు.

ఆ కమిటీ పని చెప్పుకోవడానికి ఘనమైనదే. పట్టణాలకు సంబంధించిన బిల్లు ఏదైనా అసెంబ్లీ ముందుకు వచ్చే ముందు ప్రభుత్వం పురపాలక సంఘాల అభిప్రాయం అడిగేది. దాన్ని సమర్థించాలా, వ్యతిరేకించాలా, మార్పులు కోరాలా అన్నది ఐదుగురు కౌన్సిలర్లు కూర్చుని తేల్చాలి. అవసరమనుకుంటే వార్డుల్లో జనం చేత చీటీలు వేయించి వాళ్ల మాట కూడా తెలుసుకోవచ్చు. నా మొదటి ఎనభై ఆరు పుటలు తిరగేయండి, ప్రతి చోటా ఒకే వాక్యం కనిపిస్తుంది: 'కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది.' ఆ కూలంకషమైన చర్చ ఎక్కువగా మిరపకాయ బజ్జీలు చల్లారాయా లేదా అన్న దాని మీద జరిగేది. సభ్యురాలు నాగరత్నమ్మగారిని నేను కళ్లారా చూసింది లేదు. ఆమె భర్త వచ్చి ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె పేరు తోకలతో సహా ముద్దుగా చెక్కి వెళ్లేవాడు.

వాళ్ల ఆచారం ఒకటి మీకు చెప్పాలి. నేరమంతా అందులోనే ఉంది. సమావేశం మొదలుకాగానే గుమాస్తా కామేశం నన్ను తెరిచి, కొత్త పుట పైన తేదీ వేసి, నడుమ జాగా అంతా ఖాళీగా వదిలి, అడుగున సభ్యుల చేత సంతకాలు పెట్టించేవాడు. "మధ్యలోది రేపు తీరిగ్గా ఫెయిర్ చేస్తానండీ" అనేవాడు. టీ చల్లారక ముందే సంతకాలు పూర్తయ్యేవి. ఏం జరిగిందో రాయకముందే జరిగిందని ఒప్పుకోవడం వాళ్లకు మర్యాద. రాసేదాకా ఆగి చదివి సంతకం పెడతాననడం అమర్యాద, ఎదుటివాణ్ని దొంగ అన్నట్టు. అలా ఏళ్ల తరబడి సాగింది.

ఆ కమిటీలోకి రాహేలమ్మ వచ్చింది. పదకొండో వార్డు కౌన్సిలరు. గవర్నమెంటు ఆసుపత్రి కాన్పుల వార్డులో ముప్పై ఒక్క ఏళ్లు ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. ఆమె వార్డులో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. అందుకే అందరూ ఆయమ్మ అని పిలుస్తారు. చదువు ఆసుపత్రిలో నర్సుల దగ్గర కూడబలుక్కుని నేర్చుకున్నది. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేది. అంత శ్రద్ధగా నన్ను చదివిన మనిషి ఆ ఆఫీసులో మరొకరు లేరు.

ఆ ఏడాది ఎండాకాలంలో వీధి కుళాయిల బిల్లు వచ్చింది. వీధి కుళాయిలు తీసేసి, నీళ్లన్నీ మీటరు ఉన్న ఇంటి కుళాయిల ద్వారానే ఇవ్వాలని దాని సారాంశం. వద్దన్న పట్టణాలను మొదటి విడత నుంచి మినహాయిస్తామని, నెల రోజుల్లో అభిప్రాయం పంపాలని ప్రభుత్వం రాసింది. పదకొండో వార్డులో రెండు వందల పైచిలుకు గడపలకు ఉన్నవి నాలుగు వీధి కుళాయిలు. ఇంటి కుళాయి పెట్టించుకోవాలంటే ఇంటి పట్టా చూపించాలి. కాలవ గట్టు మీద గుడిసెలకు పట్టాలు ఎక్కడివి? కమిటీ సమర్థిస్తే వాళ్లకు నీళ్లుండవు. సంగతి ఇంతే, ఇందులో అర్థం కానిదేమీ లేదు.

కమిటీ అధ్యక్షుడు పిచ్చేశ్వరరావు ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. కాగితం చూసి, "దీంట్లో చర్చేముందండీ, పైవాళ్లు అడిగారు, మనం సరే అందాం" అన్నాడు.

"మీ ఇంటెనక బోరుందండీ, మీరు సరే అంటారు. మావాళ్లని అడగొద్దా?" అంది రాహేలమ్మ.

"ఏమని అడుగుతావమ్మా?"

"కుళాయి ఉంచాలా, పీకాలా అని. చీటీలు వేయించండి. రూల్లో ఉందంట కదా. కామేశంగారే చెప్పారు."

కామేశం తల వంచుకుని పెన్నులో సిరా ఉందో లేదో చూసుకున్నాడు. పిచ్చేశ్వరరావు నవ్వాడు. "సరేలే ఆయమ్మా, నీ ముచ్చట నేనెందుకు కాదనాలి?" అన్నాడు. చీటీలు వేయించారు. ఆదివారం నాడు వార్డు గ్రంథాలయాల్లో డబ్బాలు పెట్టారు. పదకొండో వార్డులో ఆడవాళ్లు బిందెలు లైన్లో పెట్టి వచ్చి మరీ చీటీలు వేశారట. ఊరంతటా కలిపి నూటికి ఎనభై మంది ఉంచమన్నారు.

లెక్క తెచ్చిన రోజే రెండో సమావేశం. ఎప్పటిలాగే కామేశం నా ఎనభై ఏడో పుట తీశాడు. తేదీ వేశాడు. నడుమ జాగా వదిలాడు. రాహేలమ్మ లేచి నిలబడి, చీటీల లెక్క వార్డుల వారీగా చదివి, బిల్లును మా ఊరు వ్యతిరేకిస్తున్నదని రాసి పంపాలంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. పిచ్చేశ్వరరావు చప్పట్లు కూడా కొట్టాడు.

"చాలా బాగా చెప్పావమ్మా. అంతా నోట్ చేసుకో కామేశం. ఇంక సంతకాలు కానీయండి, నాకు అవతల పెళ్లి భోజనం ఉంది."

ఆమె నా వైపు చూసి, "రాసినాక పెడతానండీ" అంది.

"ఏం తల్లీ, నా మీద నమ్మకం లేదా?" అన్నాడాయన. నాగరత్నమ్మ మొగుడు పక్కనుంచి, "ఆసుపత్రిలో బిడ్డను చూపించే ముందే బక్షీసు పుచ్చుకునేవాళ్లుగా, ఇక్కడేమో ముందు రాయాలంట!" అని నవ్వాడు. ఆ మాటకు ఆమె ముఖం కందిపోయింది. పుచ్చుకున్న మనిషి కాదు ఆమె. తన నిజాయితీని శంకించినవాళ్ల ముందు మరొకరి నిజాయితీని శంకించకూడదనుకుంది కాబోలు. కలం తీసుకుని సంతకం పెట్టింది. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

మర్నాడు పదకొండు గంటలకు పిచ్చేశ్వరరావు ఒంటరిగా వచ్చి, కామేశం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫోనులో ఎవరితోనో, "అయిపోయిందండీ, మన ఊరి పేరు మొదటి విడత లిస్టులోనే ఉంటుంది" అన్నాడు. తర్వాత చెప్పసాగాడు. కామేశం రాశాడు. అతని దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ఆ రోజు ఒక్క అక్షరం వణకలేదు. 'ప్రజాభిప్రాయమును సేకరించి, కూలంకషముగా చర్చించి, సదరు బిల్లును ఏకగ్రీవముగా సమర్థించడమైనది.' వదిలిన జాగా సరిగ్గా సరిపోయింది. ఆ వాక్యాల కింద రాహేలమ్మ సంతకం, గుండ్రంగా, బడిపిల్ల సంతకంలా. నాకు నోరు లేదు. ఉండి ఉంటే ఆ పుట మీదే అరిచి ఉండేదాన్ని.

బిల్లు చట్టమైంది. కార్తీకంలో కుళాయిలు పీకడానికి మనుషులు వచ్చారు. 'మీ కౌన్సిలర్ల ఏకగ్రీవ తీర్మానము ననుసరించి' అని నోటీసు అంటించి, అడుగున ఐదు పేర్లూ అచ్చు వేశారు. ఆ మధ్యాహ్నమే పదకొండో వార్డు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసుకు వచ్చారు. రాహేలమ్మ అప్పుడు కామేశం గదిలోనే, ఇదేమిటని అడుగుతూ నిలబడి ఉంది.

అందరికంటే ముందున్న సామ్రాజ్యం అనే ఆమె నోటీసు చించుకొచ్చి ఆమె ముఖం ముందు పట్టింది. "ఇది నీ పేరేనా కాదా, ఆయమ్మా?"

"నా పేరేనే. కానీ..."

"నన్నూ నా తమ్ముణ్నీ నీ చేతుల్తో తీశావు. మొదటి నీళ్లు నువ్వే పోశావు. ఇప్పుడు ఆ చేత్తోనే నీళ్లు ఆపేస్తా సంతకం పెట్టావా?"

"నేను వద్దన్నానే సామ్రాజ్యం, ఒట్టు..."

"ఒట్లు మాకెందుకు? కాగితం చూపించు."

"ఏం ఇచ్చారే నీకు?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మరొకామె, "ఇంటికి మీటరు కుళాయి పెట్టించి ఉంటార్లే" అంది. నవ్వులు వినిపించాయి. ముప్పై ఒక్క ఏళ్లు ఎవరి పురుటి నొప్పులను తన నొప్పులుగా భరించిందో వాళ్లే నవ్వారు. వాళ్లను తప్పు పట్టను. వాళ్ల చేతిలో ఉన్నది ప్రభుత్వం అచ్చువేసిన కాగితం.

వాళ్లు వెళ్లాక రాహేలమ్మ, "పుస్తకం తియ్యి" అంది. కౌన్సిలరుకు నన్ను చూసే హక్కుంది, కామేశం కాదనలేకపోయాడు. ఆమె ఎనభై ఏడో పుట తెరిచి, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. రెండోసారి చదివింది. ఆ వేలు 'ఏకగ్రీవముగా' అన్న మాట మీద చాలాసేపు ఆగింది. తర్వాత బల్ల మీది కలం తీసుకుని, తన సంతకం పక్క అంచులో రాయడం మొదలుపెట్టింది.

కామేశం అదిరిపడి లేచాడు. "అయ్యయ్యో, రికార్డులో రాయకూడదమ్మా!"

"మరి నువ్వు రాసిందేంటయ్యా?"

"నాకు చెప్పింది రాశాను తల్లీ. నాదేముంది?"

"ఎవరు చెప్పింది?"

ఆమె రాయడం ఆపలేదు. వంకర అక్షరాలు, ఒత్తి రాయడంతో వెనక పుట మీదికీ దిగిన అక్షరాలు: 'ఈ సంతకం నాది. పైన మాట నాది కాదు. కుళాయిలు తియ్యొద్దని మా వార్డు చెప్పింది. నేను అదే చెప్పాను. సంతకం పెట్టేటప్పుడు ఇక్కడ ఖాళీగా ఉంది. రాహేలమ్మ.' తేదీ కూడా వేసింది. నా రెండు వందల పుటల్లో జరిగింది జరిగినట్టు ఉన్నవి ఆ కొద్ది వరుసలే.

వారం తిరక్కుండానే పోలీసులు వచ్చారు. నేను సంతోషించాను, అబద్ధం బయటపడిందనుకున్నాను. ఎంత అమాయకత్వం! పిచ్చేశ్వరరావు ఫిర్యాదు ఇచ్చింది ఆమె మీద: ప్రభుత్వ రికార్డును పాడుచేసిందని. నన్ను గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి కోర్టుకు పంపారు. ముద్దాయి రాహేలమ్మ. సాక్షులు పిచ్చేశ్వరరావు, కామేశం. వస్తువు నేను.

విచారణ రోజు సీలు తీసి నన్ను బల్ల మీద పెట్టారు. రాహేలమ్మ తెల్లచీర కట్టుకుని బోనులో నిలబడింది. వెనక బెంచీల్లో సామ్రాజ్యం, ఆ వార్డు ఆడవాళ్లు మరో పదిమంది. ట్యాంకరు వచ్చే వేళ వదులుకుని మరీ వచ్చారు, ఈమెకు ఏం శిక్ష పడుతుందో చూద్దామని. ఆమె తరఫు వకీలు ఆమె దగ్గరికి వంగి, "రాత మీది కాదనండి. నిపుణుడు వచ్చి తేల్చేసరికి రెండేళ్లు పడుతుంది. ఈలోగా కేసే చల్లారిపోతుంది" అన్నాడు.

మేజిస్ట్రేటు అభియోగం చదవమన్నాడు. ఏ రాతతో రికార్డు పాడైందో చెప్పకుండా నేరం మోపడం చట్టానికి కుదరదు. కాబట్టి కోర్టు గుమాస్తా నన్ను తెరిచి, గట్టిగా, ముక్క ముక్కగా చదివాడు. "ఈ సంతకం నాది. పైన మాట నాది కాదు. కుళాయిలు తియ్యొద్దని మా వార్డు చెప్పింది..." కమిటీ గదిలో ఎక్కనివ్వని మాట ఎఫ్ఐఆర్‌లో ఎక్కింది, ఛార్జిషీటులో ఎక్కింది, ఇప్పుడు కోర్టు హాలంతా వినబడింది.

"ఈ రాత మీదేనా?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

వకీలు ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"నాదేనండీ. కలం మాత్రం కామేశంగారిది."

సామ్రాజ్యం బెంచీ మీద నుంచి లేచింది. "ఆయమ్మా" అంది. జవాను "సైలెన్స్! కూర్చో అమ్మా" అని గద్దించాడు. ఆమె కూర్చోలేదు. పక్కనున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. మేజిస్ట్రేటు కళ్లజోడు సర్దుకుని వాళ్ల వైపు ఒకసారి చూసి, ముద్దాయి రాతను ఒప్పుకున్నదని రాయించి, వాయిదా వేశాడు.

నన్ను మళ్లీ గుడ్డలో చుట్టారు. పదకొండో వార్డులో కుళాయిల చోట ఇనుప బిరడాలు ఇంకా అలాగే ఉన్నాయని, వాయిదాకు వచ్చిన ప్రతిసారీ ఆ ఆడవాళ్లు వరండాలో చెప్పుకుంటుంటే వింటున్నాను. ఆ రోజు నుంచి రాహేలమ్మ ఒంటరిగా కోర్టుకు రావడం లేదు. ఇప్పటికి ఆరు వాయిదాలయ్యాయి. రాత తనదేనని ఆమె ఒప్పుకున్నా, చేతిరాత నిపుణుడు కూడా వచ్చి, అంచులో ఉన్న ఐదు వాక్యాలను భూతద్దంతో పరీక్షించి వెళ్లాడు. వాటి పక్కనే, అదే పుట నడుమ, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్న ఆ తీర్మానం ఎవరు రాయించారని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.