బుజ్జగించిన మీటరు

ఆ నూనె ఫ్యాక్టరీలో మీటరు ఏడిస్తే బుజ్జగించడం అలవాటు.

అరచేతిలో ఇమిడే పసుపు డబ్బా అది. ట్యాంకులోకి దిగేవాడి చొక్కాకి తగిలిస్తారు. చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది. ఇరవై పాయింట్ తొమ్మిది ఉంటే మంచి గాలి. పంతొమ్మిదిన్నర కంటే తగ్గిందంటే ఏడుపు లంకించుకుంటుంది. ఎర్రదీపం వెలుగుతుంది, డబ్బా అంతా గడగడ వణుకుతుంది. అది ఏడ్చిందంటే ఉన్నపళంగా బయటికి వచ్చేయమని అర్థం. అక్కడివాళ్ళు మాత్రం దాన్ని చంటిపిల్ల మారాం కింద జమకట్టారు. ఏడవగానే బొత్తాం నొక్కి ఆపేసేవాళ్ళు. ట్యాంకు నోట్లోకి భుజం దాకా చెయ్యి పెట్టి, అక్కడే మళ్ళీ ఆన్ చేసేవాళ్ళు. ముప్పై లెక్కపెట్టేలోపు అది బుద్ధిగా ఇరవై పాయింట్ తొమ్మిది చూపించేది. "చూశావా, ఊరుకుంది" అని నవ్వుకుంటూ దిగేవాళ్ళు.

ఈ విద్య కాపలా అక్కకి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్పారు. లోపల మనిషి ఉన్నంతసేపూ ట్యాంకు నోటి దగ్గర కూర్చోవడం, వాడి నడుముకి కట్టిన తాడు పట్టుకోవడం, పిలిస్తే పలుకుతున్నాడో లేదో చూడడం ఆమె పని. అందుకే ఆ పేరు. ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. నిజంగా తోడబుట్టిన తమ్ముడు ఒక్కడే ఉన్నాడు, వెల్డరు. వాడే ఆమె పట్టుకున్న తాడు చివర ఎక్కువసార్లు దిగేవాడు.

ఆ ఉద్యోగం ఆమెకి ఊరికే రాలేదు. ఆమె భర్త అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. పద్దెనిమిది నెలల క్రితం నాలుగో ట్యాంకులో పడిపోయాడు. ఆ ట్యాంకుల్లో నూనె ముక్కిపోకుండా పైన నైట్రోజన్ నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గయినా తెప్పించదు, చప్పుడు లేకుండా ఆక్సిజన్‌ని బయటికి నెట్టేస్తుంది. ఖాళీ చేశాం అనుకున్న ట్యాంకులోకి కూడా ఏదో ఒక వాల్వు నుంచి సన్నగా కారుతూనే ఉంటుంది. ఆయన్ని పైకి లాగేసరికి పదకొండు నిమిషాలైంది. ఊపిరి తిరిగొచ్చింది గానీ మనిషి తిరిగి రాలేదు. చొక్కా గుండీలు సరిగా పెట్టుకోవడం రాదు. కన్నకూతురి పేరు గుర్తులేదు. ఫిట్టరుగా ఉన్నప్పుడు షిఫ్టు దిగేముందు తలలు లెక్కపెట్టనిదే గేటు దాటేవాడు కాదు. ఆ ఒక్క అలవాటే ఎలాగో మిగిలింది. సాయంత్రం ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే అడుగుతాడు.

"అందరూ పైకొచ్చారా?"

"వచ్చారు" అంటుంది ఆమె.

"అయితే సరే" అని మళ్ళీ గోడవైపు చూస్తూ కూర్చుంటాడు.

మీటరు సరిగానే పనిచేసిందనీ, మనిషే దాని హెచ్చరికని లెక్కచేయలేదనీ కంపెనీ కాగితం రాసి చేతులు దులుపుకుంది. ఆమె ఆ కాగితాన్ని నమ్మింది. నమ్మి, ఆయన గుండీలు పెడుతూ ఒకటి రెండుసార్లు తిట్టింది కూడా. "అంత ఏడుస్తుంటే చెవులు ఏమయ్యాయి నీకు? మా గురించి ఒక్క క్షణం ఆలోచించావా?" అంది. ఆయన తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకుని విన్నాడు.

ఆ రోజు పొద్దున మీటర్ల మనిషి వచ్చాడు. ఆరు నెలలకోసారి బయటి నుంచి వచ్చి మీటర్లు సరిచూసి పోయే పెద్దాయన. గేటు బయట ఆరుబయట స్టూలు వేసుకుని కూర్చుని, చిన్న సిలిండరు గొట్టం ఒక్కో మీటరుకీ పెట్టి చూస్తున్నాడు. సరిచూసిన మీటరు ఒకటి తెమ్మని సూపర్‌వైజరు అక్కని పంపాడు. అసలు ట్యాంకు నోటి కాపలా మనిషిని ఇలాంటి పనులకు తిప్పకూడదు, కానీ అక్కడ ఏది కూడదో అదే జరిగేది. ఆమె వెళ్ళేసరికి పెద్దాయన ఒక మీటరు ఆన్ చేసి, అంకెలు కుదురుకునేదాకా చూస్తూ ఉన్నాడు.

"ఇక్కడెందుకండీ శ్రమ? ట్యాంకు దగ్గర మేమే ఆన్ చేసుకుంటాంగా" అంది అక్క. "ఏడిస్తే బుజ్జగిస్తాం కూడా."

"బుజ్జగించడమేంటమ్మా?"

ఆమె చెప్పింది. కాస్త గర్వంగానే చెప్పింది, చెయ్యి ఎక్కడిదాకా పెట్టాలో భుజం మీద గీత గీసి మరీ చూపించింది. పెద్దాయన చేతిలోని గొట్టం స్టూలు మీద పెట్టేశాడు.

"ఎవరు నేర్పారమ్మా నీకీ పని?" అన్నాడు. "ఇది ఆన్ చేయగానే మొదట ఏ గాలి పీలిస్తే దాన్నే మంచి గాలి అనుకుంటుంది. దానికి అదే ఇరవై పాయింట్ తొమ్మిది. ఆరుబయట ఆన్ చేస్తే నిజం చెబుతుంది. ట్యాంకు నోట్లో ఆన్ చేశారంటే ఆ చచ్చు గాలే మంచిదని నేర్చుకుంటుంది. ఇక మనిషి పడిపోయే దాకా నోరెత్తదు."

భుజం మీద గీత గీసిన వేలు ఆమె మెల్లగా దించింది.

"ఇదేం రహస్యం కాదు" అని పెద్దాయన మీటరు పెట్టె మూత తిప్పి చూపించాడు. లోపలివైపు ఎర్రటి అక్షరాల్లో అదే ముక్క అచ్చేసి ఉంది. "నాలుగేళ్ళుగా వచ్చినప్పుడల్లా మీ సూపర్‌వైజరుకి నోటితో కూడా చెబుతున్నా. చెప్పినట్టు సంతకం కూడా పెట్టించుకుంటున్నా."

పెట్టెలు సూపర్‌వైజరు బీరువాలో తాళంలో ఉంటాయి. పనివాళ్ళ చేతికి డబ్బా ఒక్కటే వస్తుంది. ఆ మూత లోపలివైపు ఏముందో ఆమె చూడడం అదే మొదటిసారి.

నాలుగేళ్ళు. ఆమె భర్త పడిపోయి పద్దెనిమిది నెలలు. లెక్క వేయడానికి ఆమెకి పెద్ద చదువు అక్కర్లేకపోయింది. ఆయనకి చెవులు బాగానే ఉన్నాయి. ఏడవాల్సిన మీటరు నోరు ముందే ఎవరో నొక్కేశారు. తను చేరిన ఈ ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు ఆ నోట్లోకి చెయ్యి పెట్టిందో గుర్తు చేసుకోబోయింది. ఇరవై దాకా వచ్చేసరికి మానేసింది. ఆ ఇరవైలో సగంసార్లు దిగినవాడు సొంత తమ్ముడు. ఆ తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది. ఆన్ చేసి ఉన్న మీటరు అలాగే చేతిలో పట్టుకుని, పెద్దాయన్ని కూడా రమ్మని, వెనక్కి నడిచింది.

రెండో ట్యాంకు దగ్గర తమ్ముడు నడుముకి తాడు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేలలోకి దింపిన ట్యాంకు అది. మోకాలెత్తున గుండ్రటి నోరు, పక్కన చెక్కమూత. వాడి మీటరు అప్పుడే ఏడ్చి ఊరుకుంది. వాడింకా చెయ్యి తుడుచుకుంటున్నాడు. ఇద్దరు హెల్పర్లు నిచ్చెన దింపబోతున్నారు. సూపర్‌వైజరు ఎప్పటిలాగే నాలుగడుగుల దూరంలో నిలబడి చేతి వాచీ చూసుకుంటున్నాడు. నిమిషానికోసారి వాచీ చూస్తాడని వాడికి గడియారం అని పేరు. ఆ నాలుగడుగులు కూడా అందరికీ నవ్వులాటే. చొక్కాకి నూనె మరకవుతుందని భయం అనుకునేవాళ్ళు.

"ఎంతసేపమ్మా? టైమెంతయిందో తెలుసా?" అన్నాడు గడియారం.

ట్యాంకు నోటి దగ్గరికి రాగానే ఆమె చేతిలోని మీటరు గొల్లుమంది.

"ఇదీ మొదలెట్టిందా? బుజ్జగించక్కా" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్. నీ మీటరిలా ఇవ్వు."

రెండింటినీ ఒకే తాడుకి కట్టి లోపలికి దింపింది. లోపలి నుంచి ఒక్క మీటరు ఏడుపే వినిపించింది. పైకి లాగి ఆ నోటి దగ్గరే రెండూ పక్కపక్కన పట్టుకుంది. గేటు దగ్గర ఆన్ చేసింది పదహారు చూపిస్తూ వణికిపోతోంది. బుజ్జగించింది ఇరవై పాయింట్ తొమ్మిది చూపిస్తూ చల్లగా ఉంది. పెద్దాయన ఇందాకటి ముక్కే మళ్ళీ అందరికీ చెప్పాడు. హెల్పర్లు పట్టుకున్న నిచ్చెన పట్టుకున్నట్టే ఆగిపోయారు.

"రెంట్లో ఒకటి చెడిపోయినట్టుంది" అన్నాడు గడియారం. "ఏడ్చేదే చెడిపోయింది. పెద్దాయనా, మీ పని గేటు దగ్గర. నువ్వు దిగవయ్యా, సాయంత్రానికి ట్యాంకు నింపాలి."

తమ్ముడు నిచ్చెన వైపు ఒక అడుగు వేశాడు. ఏళ్ళ తరబడి చెప్పిన మాట వినడం అలవాటైన కాలు అది, దానికదే కదిలింది. అక్క చెక్కమూత లాగి ట్యాంకు నోటి మీద పడేసింది. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నన్ను తొక్కుకుని దిగు" అంది.

"లే అమ్మా! మీ ఆయన మొహం చూసి జాలిపడి ఇచ్చిన ఉద్యోగం ఇది. ఉంచుకోవాలని లేదా?"

"ఆయన మొహం మీరు చూశారా సార్? ఒక్కసారైనా ఇంటికొచ్చి చూశారా? మీటరు మాట వినలేదని కాగితం రాశారే, ఆ మీటరు నోరు నొక్కిందెవరు?"

గడియారం వాచీ చూసుకున్నాడు. తర్వాత వాడికి ఏదో తోచినట్టు మొహం తేటపడింది.

"నన్నడుగుతావేం? నీ పక్కనున్నవాణ్ణి అడుగు. ఆ రోజు నాలుగో ట్యాంకు దగ్గర మీ ఆయన మీటరు బుజ్జగించింది నీ తమ్ముడే."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మూడుసార్లు ఏడ్చిందక్కా" అన్నాడు. "బావే ఆగుదామన్నాడు. ఈయన టైమైపోతోంది బుజ్జగించరా అన్నాడు. నేను... నాకు తెలీదక్కా. అది నవ్వులాటనే అనుకున్నా. తర్వాత కాగితంలో మీటరు బాగానే ఉందని రాస్తే అదే నిజమనుకున్నా."

ఆగుదామన్నాడు. పద్దెనిమిది నెలలుగా ఆమె తిట్టిన మనిషి, ఆ రోజు ఆగుదామనే అన్నాడు. తమ్ముడి చెంప పగలగొట్టాలని ఆమె చెయ్యి లేచింది కూడా. గడియారం దానికోసమే చూస్తున్నాడు. అక్కా తమ్ముళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటే తను హాయిగా పక్కకి తప్పుకోవచ్చు. వాడి పెదవి చివర ఆ ఆశ కనబడగానే ఆమె చెయ్యి దించేసింది.

మూత మీంచి లేచింది. మూత పక్కకి లాగింది. చల్లగా ఇరవై పాయింట్ తొమ్మిది చూపించిన మీటరు తీసుకెళ్ళి గడియారం చొక్కా జేబుకి తగిలించింది.

"దిగండి సార్."

"ఏంటీ?"

"మీటరు బాగుందన్నారుగా. ఏడ్చేదే చెడిపోయిందన్నారుగా. రెండే రెండు నిమిషాలు. తాడు నేను పట్టుకుంటా, నా పనే అది. దిగి పైకి రండి. మీరొచ్చాక మా తమ్ముణ్ణి నేనే దింపుతా."

గడియారం ట్యాంకు నోటి వైపు చూశాడు. జేబుకున్న మీటరు వైపు చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ తర్వాత ఇంకోటి వేశాడు.

"చూశారుగా" అంది అక్క, హెల్పర్ల వైపు తిరిగి. "మరకలకి భయపడి కాదు ఇన్నాళ్ళూ నాలుగడుగుల దూరంలో నిలబడింది. ఈయనకి తెలుసు. మనకే తెలీదు."

ఆ రోజు ఎవరూ దిగలేదు. తను ఏయే తేదీల్లో ఎవరికి ఏం చెప్పాడో పెద్దాయన కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. కింద అక్క పెట్టింది, హెల్పర్లిద్దరూ పెట్టారు. బావ ఆగుదామన్న మాట, బుజ్జగించమన్నది ఎవరన్న మాట తమ్ముడు తన చేత్తోనే రాశాడు. "ఇది రాస్తే నా మీదికి కూడా వస్తుందక్కా" అన్నాడు. "రానీ" అంది ఆమె. మర్నాడు పొద్దున్నే ఆ కాగితం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు బల్ల మీద ఉండాలని అనుకున్నారు.

సాయంత్రం తమ్ముడు ఆమె వెంటే ఇంటికొచ్చాడు. ఆమె రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. ఫిట్టరు మంచం మీద కూర్చుని ఉన్నాడు, గుండీలు ఒకదాని కన్నంలో ఒకటి పెట్టుకుని. తమ్ముడు మంచం పక్కన నేల మీద కూలబడి బావ కాళ్ళు పట్టుకున్నాడు.

"నేనే బావా. ఆ మీటరు బుజ్జగించింది నేనే. నువ్వు ఆగుదామన్నావు, నేనే వినలేదు."

ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. విని, వాడి తల మీద చెయ్యి వేసి అడిగాడు.

"అందరూ పైకొచ్చారా?"

తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడు. క్షమించాలన్నా, లాగి ఒక్కటివ్వాలన్నా దానికి మనిషంటూ ఉండాలి. ఆ మనిషినే మింగేసి, తప్పు ఆయన మీదే రాసి పంపారు. రోజూ అనే మాట ఆమె నోటికి రాలేదు.

"లేదు" అంది. "ఒకరు రాలేదు."

ఆయన మొహంలో కంగారు కనబడింది. గబుక్కున లేచాడు.

"మరి ఇక్కడ కూర్చున్నారేంట్రా? పదండి! తాడు తీసుకురండి!"

తమ్ముడు రెండు చేతులా పట్టుకుని ఆపబోయాడు, ఆయన ఆగలేదు. మంచం కింద చెప్పుల కోసం వెతుకుతూనే ఉన్నాడు.